అఫ్గాన్ అమ్మాయి కోసం సంతకాలు సేకరిస్తున్నాం. ఆమె గురించి ఎంతవరకు చెప్పొచ్చు?

లెక్కల టీచర్, హన్మకొండ:

జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఏడాదిన్నరగా వారానికి మూడు రోజులు ఒక అఫ్గాన్ అమ్మాయికి ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతున్నాను. (ఊరి పేరు ముందు రాశాను, కింద సలహా చూశాక తీసేశాను.) 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్‌ని పట్టుకునేనాటికి తను ఏడో తరగతి. ఇప్పుడక్కడ ఆడపిల్లలకి ఆరుతోనే చదువు సరి. 2022 మార్చి 23న హైస్కూళ్లు తెరుస్తామంటే యూనిఫాం వేసుకుని వెళ్లిందట. కొన్ని గంటల్లోనే ఇంటికి పంపేశారు. ఆ యూనిఫాం ఇప్పుడు చెల్లెలికి సరిపోతుందని మొన్న చెప్పింది. చెల్లెలు ఈ ఏడు ఆరో తరగతి.

కెమెరా ఎప్పుడూ ఆపే ఉంటుంది. లెక్క చేసి పేజీ ఫోటో పంపుతుంది. అంకెలు వాళ్ల లిపిలో ఉంటాయి, ఐదు అచ్చం తలకిందులు చేసిన రావి ఆకులా ఉంటుంది. 2025 సెప్టెంబరు చివర్లో దేశమంతటా ఇంటర్నెట్ ఆపేసినప్పుడు రెండు రోజులు తన జాడ లేదు. నాకు అన్నం సయించలేదు.

మేం రిటైర్డ్ టీచర్లం కొందరం మన విదేశాంగ శాఖకి వినతిపత్రం ఇవ్వాలనుకుంటున్నాం. తను లెక్క చేసి పంపిన పేజీ ఒకటి పోస్టర్ మీద వేద్దామని మావాళ్లు అంటున్నారు. తననడిగితే "వెయ్యండి టీచర్, నా పేరు కూడా రాయండి" అంది. నాకే మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?

మెహదీపట్నం నుంచి:

వద్దు టీచర్ గారూ. ముందు ఈ పోస్టులో ఊరి పేరు తీసేయండి. చేతిరాత కూడా గుర్తుపట్టే వస్తువే. మతీవుల్లా వెసా అనే అఫ్గాన్ విద్యా కార్యకర్త ఊరూరా తిరిగి పుస్తకాలు పంచి, ఆడపిల్లల చదువు కోసం మాట్లాడినందుకు 2023 మార్చిలో పట్టుకెళ్లి ఏడు నెలలు జైల్లో పెట్టారు. లోకమంతా తెలిసిన మనిషికే ఆ గతి. పదిహేడేళ్ల పిల్ల ఒప్పుకుంది కదా అని మనం వెయ్యకూడదు.

నర్సింగ్ ట్యూటర్, గుంటూరు:

పోస్టర్ కంటే వినతిపత్రంలో ఏం అడుగుతారన్నది ముఖ్యం అక్కా. 2022 డిసెంబరులో యూనివర్సిటీలు మూశారు, 2024 డిసెంబరులో నర్సింగ్, మంత్రసాని కోర్సులు కూడా ఆపేశారు. రేపు అక్కడ కాన్పు ఎవరు చేస్తారు? కాబట్టి అమ్మాయిలకి వీసాలు, స్కాలర్‌షిప్పులు, ఇంట్లోంచే చదివే డిగ్రీ సీట్లు అని స్పష్టంగా అడగండి. గట్టిగా అడిగితే కదలిక వస్తుంది. 2025 అక్టోబరులో తాలిబన్ విదేశాంగ మంత్రి ముత్తఖీ ఢిల్లీ వచ్చినప్పుడు మొదటి ప్రెస్‌మీట్‌కి మహిళా విలేకరుల్ని పిలవలేదు. గొడవయ్యాక రెండు రోజులకే ఇంకోటి పెట్టి వాళ్లనీ పిలిచారు.

లెక్కల టీచర్, హన్మకొండ:

ఇద్దరికీ నమస్కారం. పోస్టర్ ఆపించాను. తనకి చెబితే కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "సరే టీచర్, లెక్క ఇవ్వండి" అంది. వినతిపత్రంలో వీసాలు, సీట్లు, రెండూ రాస్తున్నాం. సంతకాలు మావి, పేర్లు మావి.

ఇంకో సంగతి. తను ఫిజిక్స్ కూడా అడుగుతోంది, నాకు అంత రాదు. ఇంగ్లిష్‌లో ఓపిగ్గా చెప్పగలిగే వాళ్లుంటే రాయండి. మంగళ, గురువారాలు, మనకి సాయంత్రం ఆరు, వాళ్లకి ఐదు. నెట్ సరిగ్గా ఉండదు కాబట్టి పాఠం రికార్డు చేసి చిన్న ఆడియోగా పంపాలి.