వీడియో చూసి షుగర్ మాత్రలు మానేసిన నాన్న

ప్రశ్న: నాన్నకు 12 ఏళ్లుగా షుగర్. మెట్‌ఫార్మిన్ కిడ్నీలను పాడుచేస్తుందని ఫోన్లో ఏదో వీడియో చూసి మూడు వారాలుగా మానేశారు. నిన్న పరగడుపున 268. "టీవీలోనూ చెప్పారు కదరా" అంటారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: నేను ఫార్మసిస్టుని. ఆ వీడియో విషయాన్ని తలకిందులు చేసింది తమ్ముడూ. మెట్‌ఫార్మిన్ కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. అందుకే అవి బాగా దెబ్బతిని ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) 30 కంటే తగ్గితే డాక్టర్లు దాన్ని ఆపేస్తారు. కిడ్నీలను తినేది అదుపు తప్పిన షుగరే. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి, వెంటనే డాక్టరుకు చూపించండి.

జవాబు: మాది నెల్లూరు. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన కరోనా నాటుమందు గురించి టీవీ పెడితే మాకు క్యూలే కనిపించేవి. మే 31న ప్రభుత్వం ఆ మందును అనుమతిస్తూ కంటి చుక్కలను మినహాయించింది. ఆ ముక్క మా అమ్మ దాకా రానేలేదు. నాన్నగారిని కోప్పడకండి.

అడిగినవారు: క్రియాటినిన్ 0.9 వచ్చింది, మామూలుగానే ఉంది. నాన్న కాగితం రెండుసార్లు చదివారు. రేపు డాక్టరు దగ్గరికి వస్తానన్నారు.