‘కక్ష్య నిర్ణయం’ అనాలా, ‘కక్ష్య నిర్ధారణ’ అనాలా?

ట్రాకింగ్ డేటా నుంచి ఉపగ్రహం కక్ష్యని తేల్చే సాఫ్ట్‌వేర్ గురించి తెలుగులో వ్యాసం రాస్తూ, ఆర్బిట్ డిటర్మినేషన్ దగ్గర ఆగిపోయాను. ‘కక్ష్య నిర్ణయం’ అని రాస్తే మిత్రుడొకడు, “అది ప్రయోగానికి ముందే నిర్ణయిస్తారుగా, మళ్లీ ఏంటి?” అన్నాడు. నిజమే. ధర నిర్ణయిస్తాం, ముహూర్తం నిర్ణయిస్తాం. అవి మన చేతిలోవి.

ఇక్కడ సంగతి వేరు. ప్రోగ్రాం ముందు ఒక అంచనా కక్ష్య పెట్టుకుంటుంది: స్థానానికి మూడు సంఖ్యలు, వేగానికి మూడు. ఆ లెక్కన ఫలానా సెకనుకి యాంటెన్నా నుంచి ఉపగ్రహం 1204.3 కి.మీ. దూరంలో ఉండాలి అనుకుందాం. కొలిస్తే 1204.9 వచ్చింది. 0.6 తేడా. ఇలాంటి వందల తేడాల వర్గాల (స్క్వేర్ల) మొత్తం వీలైనంత తగ్గేదాకా ఆ ఆరు సంఖ్యల్నీ సవరిస్తూ పోతుంది. లక్షణాలు చూసి జబ్బేంటో తేల్చడం లాంటిదే. అందుకే ‘రోగ నిర్ధారణ’ వరసలో ‘కక్ష్య నిర్ధారణ’ అంటే నయమనిపిస్తోంది. ఏమంటారు?

— మరి కవుల ‘కాలనిర్ణయం’ మాటేంటండీ? శాసనాలు, అవతారికలు చూసి తేలుస్తాం తప్ప, ఆ కాలం మనం పెట్టింది కాదుగా. ‘నిర్ణయం’లో ఆ అర్థం ఎప్పట్నుంచో ఉంది.

— ఇది నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. కాకపోతే ఆ అర్థం పండితుల దగ్గరే మిగిలింది. మామూలు పాఠకుడికి నిర్ణయం అంటే డెసిషనే. నేను నిర్ధారణకే ఓటేస్తాను.

— ఆ మిగిలే తేడాని ఏమంటారు? రెసిడ్యువల్ అంటారు కదా.

— ‘శేషం’ అని రాశాను. రుణశేషం, శత్రుశేషం ఉంచకూడదంటారు గానీ, ఇక్కడ శేషం అన్నిచోట్లా సున్నా వస్తేనే అనుమానించాలి, ఎందుకంటే కొలతలో కొంత పొరపాటు ఎప్పుడూ ఉంటుంది. సున్నాకి అటూ ఇటూ చెదురుగా పడితే మంచిది. ఒకేవైపు వంగుతూ పోతే గాలి నిరోధం లాంటిదేదో లెక్కలో తప్పిపోయినట్టు.

— 1801లో, అప్పుడే కనిపెట్టిన సిరీస్ (Ceres) అనే బుల్లి గ్రహం సూర్యకాంతిలో కనుమరుగైతే, గణితవేత్త గౌస్ ఉన్న కొద్దిపాటి పరిశీలనలతోనే దాని దారి లెక్కగట్టాడు. ఏడాది చివర్లో దాదాపు అక్కడే దొరికింది. ఆయన చేసింది నిర్ధారణే అంటాను.

— ఏదైనా రాయండి గానీ, దయచేసి య వత్తు మాత్రం మర్చిపోకండి. ‘ఉపగ్రహం కక్షలోకి చేరింది’ అని మొన్నొక వార్తలో చదివాను. పాపం, ఎవరి మీదో!