ఎస్‌వీజీ: పేజీలోనే రాయాలా, ఫైల్‌గా పెట్టాలా?

ట్యాగ్‌బాబాయ్
మా టీమ్‌లో ఒక పంచాయితీ తెగడం లేదు. సైట్‌లో ఒక లోగో, బోలెడన్ని ఐకాన్లు, ఒక గ్రాఫ్ ఉన్నాయి. అన్నీ ఎస్‌వీజీలే, అంటే గీతల్ని కోడ్‌గా రాసే, ఎంత పెంచినా చెదరని బొమ్మలు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింట్లోనూ ఒకేలా కనబడాలి. ఒకరేమో ఎస్‌వీజీ కోడ్ మొత్తం హెచ్‌టీఎంఎల్‌లోనే రాసేద్దాం అంటారు. ఇంకొకరు ఫైల్‌గా ఉంచి ఇమేజ్ ట్యాగ్‌తో పిలుద్దాం అంటారు. మూడో ఆయన ఎస్‌వీజీ రాని బ్రౌజర్ల కోసం ప్రతిదానికీ ఒక పీఎన్‌జీ (మామూలు పిక్సెల్ బొమ్మ) తోడుండాల్సిందే అని పట్టుబట్టాడు. మీరైతే ఏం చేస్తారు?

పాతబ్రౌజర్
మూడో ఆయనది పాత భయం. ఒకప్పుడు దానికి అర్థం ఉండేది లెండి. ఎస్‌వీజీ 2001లోనే డబ్ల్యూ3సీ (వెబ్ నియమాలు రాసే సంస్థ) ప్రమాణం అయినా, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ (ఐఈ) 2011లో తొమ్మిదో వెర్షన్ వచ్చేదాకా దాని మొహం చూడలేదు. అప్పటిదాకా అడోబీ ప్లగిన్ వేసుకోవాలి, లేదా మైక్రోసాఫ్ట్ వాళ్ల సొంత గీతల భాష వీఎంఎల్‌లో అదే బొమ్మ మళ్లీ గీయాలి. రాఫెల్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీకి అంత గిరాకీ వచ్చిందే అందుకు: పాత ఐఈలో వీఎంఎల్, మిగతా చోట్ల ఎస్‌వీజీ, మనం రాసేది ఒక్కసారే. 2022 జూన్‌లో ఐఈ 11కి కూడా సెలవిచ్చేశారు. ఇంకా పీఎన్‌జీ కాపలా ఎవరికోసం? మెయిల్‌లో పంపే బొమ్మలకైతే సరే, అక్కడ ఎస్‌వీజీని నమ్ముకోలేం.

నా ఓటు ఫైల్‌కే. క్యాష్ అవుతుంది (బ్రౌజర్ దాచుకుంటుంది, ప్రతిసారీ దించక్కర్లేదు), పేజీ బరువు తగ్గుతుంది, బొమ్మలో ఎవరైనా స్క్రిప్ట్ దూర్చినా ఇమేజ్ ట్యాగ్‌లో అది నడవదు.

గీతలరాణి
అన్నీ ఫైల్సే అంటే ఎలా అండీ? సైట్‌లో డార్క్ మోడ్ బటన్ ఉందనుకోండి. నొక్కగానే నల్ల ఐకాన్ నల్ల బ్యాక్‌గ్రౌండ్‌లో మాయం. ఫైల్‌గా పెట్టినదానికి పేజీలోని క్లాసులు కనబడవు, కరెంట్‌కలర్ (పేజీలో అక్కడి అక్షరాల రంగు) అందదు. కోడ్ పేజీలోనే ఉంటే ఒక్క సీఎస్‌ఎస్ లైన్‌తో పని అయిపోతుంది. ఇక గ్రాఫ్ సంగతి చెప్పక్కర్లేదు. గీత మీద మౌస్ పెడితే విలువ చూపించాలంటే అది డామ్‌లో, అంటే స్క్రిప్ట్‌కి అందే పేజీ నిర్మాణంలో, ఉండాల్సిందే.

కోడ్‌కాకి
గ్రాఫ్ వరకూ ఒప్పుకుంటా. లోగో దగ్గరే మీ పద్ధతి తన్నేస్తుంది. మేం పడిన తిప్పలు చెప్తా వినండి. డిజైన్ టూల్ ఎక్స్‌పోర్ట్ చేసిన ప్రతి ఫైల్‌లోనూ గ్రేడియంట్ (మెల్లగా మారే రంగు) ఐడీ "ఎ". డెస్క్‌టాప్ మెనూలో ఒక లోగో, మొబైల్ మెనూలో ఇంకోటి, రెండూ పేజీలోనే రాసి ఉన్నాయి. రెండో లోగో కూడా రంగు కోసం మొదటి "ఎ" దగ్గరికే వెళ్తుంది. మొబైల్‌లో మొదటి మెనూని డిస్‌ప్లే నన్‌తో దాచేశాం. అంతే, గ్రేడియంట్ పోయింది, లోగో ఖాళీ! ఫోన్‌లో మాత్రమే రావడంతో అందరూ సఫారీని తిట్టారు. పాపం దాని తప్పేం లేదు, డెస్క్‌టాప్ క్రోమ్‌లో విండో చిన్నది చేసినా అదే కథ.

బ్రౌజర్ల తేడా అని మనం అరిచేదాంట్లో చాలావరకు ఇలాంటివే. వ్యూబాక్స్ (బొమ్మ లోపలి కొలతలు చెప్పే మాట) లేకుండా వెడల్పు 24, ఎత్తు 24 అని మాత్రమే రాసిన ఐకాన్‌ని పేజీలో పెట్టి, సీఎస్‌ఎస్‌లో 48 ఇచ్చి చూడండి. పెట్టె పెరుగుతుంది, బొమ్మ మాత్రం పై మూలన అంతే ఉంటుంది. ఎక్స్‌ఎంఎల్ నేమ్‌స్పేస్ (ఇది ఎస్‌వీజీ అని చెప్పే మాట) రాయడం మర్చిపోతే దీనికి రివర్స్: పేజీలో శుభ్రంగా వస్తుంది, అదే కోడ్‌ని ఫైల్ చేస్తే విరిగిన బొమ్మ.

గీతలరాణి
ఐడీలకి ముందు ఏదో ఒక పేరు తగిలించే టూల్స్ ఉన్నాయి కదా, ఎస్‌వీజీఓ ఆ పని చేస్తుంది. ఆమాత్రం దానికి పద్ధతినే వదిలేస్తారా?

మీ ఫైల్ పద్ధతిలో అక్షరాల గోల ఎవరూ ఎత్తలేదేం? లోగోలో తెలుగు పేరు టెక్స్ట్‌గా ఉందనుకోండి. ఇమేజ్ ట్యాగ్‌లో ఉన్న ఎస్‌వీజీ బయటినుంచి ఏమీ తెచ్చుకోలేదు, వెబ్‌ఫాంట్‌తో సహా. అప్పుడు విండోస్‌లో ఒక తెలుగు ఫాంట్, మ్యాక్‌లో ఒకటి, ఆండ్రాయిడ్‌లో ఇంకొకటి. ఒక చోట పేరు ఫ్రేమ్ దాటిపోతుంది, ఇంకో చోట ఒత్తు కింది గీతకి తగులుతుంది. ఒకేలా కనబడాలన్న మొదటి షరతే పోయింది.

పాతబ్రౌజర్
లోగోలో అక్షరాల్ని టెక్స్ట్‌గా ఎందుకు ఉంచుతారమ్మా? పాత్‌లుగా, అంటే గీతలుగా మార్చేసి, పేరుని ఇమేజ్ ట్యాగ్ ఆల్ట్‌లో రాస్తే చాలు. స్క్రీన్ రీడర్ చదివేస్తుంది. మీరు పేజీలో రాసినదానికైతే రోల్, టైటిల్ అన్నీ చేత్తో పెట్టుకోవాలి. ఎంతమంది పెడుతున్నారు?

ఒకే రంగు ఐకాన్లయితే ఫైల్‌నే సీఎస్‌ఎస్ మాస్క్‌గా (రంగుని ఆ ఆకారంలో కత్తిరించే అచ్చుగా) వాడి, బ్యాక్‌గ్రౌండ్‌కి కరెంట్‌కలర్ ఇవ్వండి. డార్క్ మోడ్ టెన్షన్ కూడా ఉండదు.

రాత్రిడ్యూటీ
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. లోడింగ్ కోసం పళ్లచక్రం బొమ్మ తిప్పుతున్నా. డివ్ (మామూలు హెచ్‌టీఎంఎల్ పెట్టె) అయితే తన మధ్యలోనే తిరుగుతుంది, ఎస్‌వీజీ లోపలి పాత్ మాత్రం మూల చుట్టూ గిరగిరా తిరిగి బయటికి పోతోంది. ఇదైనా బ్రౌజర్ తప్పేనా?

కోడ్‌కాకి
కాదు తమ్ముడూ, రూలే అంత. హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్‌కి ట్రాన్స్‌ఫార్మ్ ఆరిజిన్ (తిరిగే కేంద్రం) మామూలుగా మధ్య బిందువు, ఎస్‌వీజీ లోపలి వాటికి సున్నా, సున్నా. ట్రాన్స్‌ఫార్మ్ బాక్స్‌కి ఫిల్-బాక్స్ అని, ఆరిజిన్‌కి సెంటర్ అని రాయి. ఇప్పుడున్న బ్రౌజర్లన్నీ వింటాయి.

ట్యాగ్‌బాబాయ్
లోగో ఫైల్‌గా, గ్రాఫ్ పేజీలో. ఇంతవరకు మావాళ్లు ఒప్పుకున్నారు, పీఎన్‌జీ ఆయన అలిగాడు. ఐకాన్లన్నీ ఒకే స్ప్రైట్ ఫైల్‌లో పెట్టి యూజ్ ట్యాగ్‌తో పిలిస్తే రంగు మార్చుకోవచ్చు, ఫైల్ క్యాష్ కూడా అవుతుంది అని ప్రయత్నించాం. నా కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా వచ్చాయి. లైవ్‌లో పెడితే ఒక్క ఐకాన్ కూడా లేదు.

గీతలరాణి
లైవ్‌లో స్ప్రైట్ సీడీఎన్ (ఫైళ్లు అందించే బయటి సర్వర్లు) మీద, వేరే డొమైన్‌లో ఉందా? యూజ్ ట్యాగ్ వేరే డొమైన్ నుంచి తెచ్చుకోదు, కార్స్ హెడర్ (వేరే డొమైన్లకి సర్వర్ ఇచ్చే అనుమతి) పెట్టినా లాభం లేదు. ఆ ఒక్క ఫైల్‌ని మీ సొంత డొమైన్‌కి మార్చి చూడండి.