సమస్యాపూరణం: ‘ఒక్క కప్పులో నిద్దఱు నొదిగినారు’

నిర్వాహకుడు: తేటగీతి పద్యానికి చివరి పాదమిది, ముందు మూడు పాదాలూ మీరే పూరించాలి. విషయం హైదరాబాదు ఇరానీ హోటల్లో సాయంత్రపు చాయి. ఆబిడ్స్ గ్రాండ్ హోటల్‌కు 1935 నుంచీ చరిత్ర ఉంది కనుక సరుకు లేదనే సాకు చెల్లదు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి, తప్పినా ఊరుకుంటానేమో గాని, చాయి రుచి తప్పితే ఊరుకోను.

గుంటూరు మాస్టారు:
జేబులోపలఁ జిల్లర చిన్నబోవ
నడుగ మిత్రులు ‘వన్ బై టు’ యనుచు నవ్వి
సాసరొక్కరి కొకరికిఁ జాయి కప్పు;
ఒక్క కప్పులో నిద్దఱు నొదిగినారు.

నిర్వాహకుడు: చిల్లర చిన్నబోవడం బాగుంది మాస్టారూ. సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగేవాళ్లు కళ్ళకు కట్టారు. అయితే ‘టు యనుచు’ కుదరదు, ఉకారం మీద అచ్చు వస్తే సంధి తప్పదు. ‘వన్ బై టు నపుడు నవ్వి’ అంటే గండం గడుస్తుంది.

డాలస్ తమ్ముడు:
చార్మినారు చెంగట నెండ చల్లఁబడఁగ
జంట గూర్చుండి తలవంచి సంతసమునఁ
దొంగి చూడఁగఁ జాయిలోఁ దోఁచె నీడ;
ఒక్క కప్పులో నిద్దఱు నొదిగినారు.

మలక్‌పేట అక్కయ్య: పద్యం నడక ముచ్చటగా ఉంది తమ్ముడూ. కానీ అంత చిక్కటి పాలచాయిలో నీడలెక్కడ కనిపిస్తాయి? పైన మీగడ తెట్టు కట్టి ఉంటుంది!

డాలస్ తమ్ముడు: సులేమానీ అనుకోండక్కా.

నిర్వాహకుడు: అనుకోవాలంటే పద్యంలో ఉండాలి. పాలు లేవని ఒక్క మాట పడితే ఒప్పుకుంటాం.

సికింద్రాబాద్ బ్యాంకు తాతగారు:
యజ్దు నుండి వచ్చిన వాని హస్తవాసి
తెలుగువాని నోటికి నచ్చె, దేశమేది?
వీధి మలుపున నొక యింట వేడిచాయి;
ఒక్క కప్పులో నిద్దఱు నొదిగినారు.

నిర్వాహకుడు: ‘య’కు ‘హ’తో యతి వేయడం పాత చేతికే చెల్లింది. ఇరాన్‌లోని యజ్దు ప్రాంతం నుంచి వచ్చినవారు ఈ హోటళ్ళు పెట్టారు, వీధి మూలలు వాటికి పేరుపడ్డ చోట్లు. రెండూ ఇరికించకుండా చెప్పారు. ఇంటికప్పు అన్న శ్లేషతోనే పేచీ. మనుషులుండేది కప్పు కింద. కప్పులో ఒదిగేది బల్లి.

తాతగారు: బల్లి శకునం మంచిదేనయ్యా!

మలక్‌పేట అక్కయ్య:
రాగి గిన్నెలో దమ్ములో రమణి యొకతె,
పాలదొరగారు మరుగుచుఁ బ్రక్క నుండెఁ
గలిసి రిరువురు సాయంత్ర కాలమందు
నొక్క కప్పులో నిద్దఱు నొదిగినారు.

నిర్వాహకుడు: ఇదీ పూరణ! ఇరానీ చాయి కిటుకంతా ఇందులోనే ఉంది. మన ఇళ్ళలోలా నీళ్ళు, పాలు, ఆకు ఒకే గిన్నెలో వేసి మరిగించరు. డికాక్షన్ మూత బిగించి దమ్ములో చాలాసేపు ఉంచుతారు, పాలు వేరే పొయ్యిమీద చిక్కబడతాయి. అడిగినప్పుడే కప్పులో రెంటినీ కలిపేది. ‘ఇద్దఱు’ మనుషులకే వాడే మాట కదా అని నేనే అభ్యంతరం చెప్పబోయాను. రమణి, దొర అని ముందే ప్రాణం పోశారు గనుక నోరు మూసుకున్నాను.

గుంటూరు మాస్టారు: మూడో పాదంలో ‘ఇరువురు’, నాలుగులో ‘ఇద్దఱు’. పునరుక్తి కాదూ?

అక్కయ్య: నిజమే మాస్టారూ. ‘కలిసి రంతట సాయంత్ర కాలమందు’ అని దిద్దుకుంటున్నాను.

నిర్వాహకుడు: దిద్దుబాటుతో ఈ వారం మొదటి స్థానం అక్కయ్యదే. ఉస్మానియా బిస్కట్టును ఎవరూ ముట్టుకోలేదు గనుక వచ్చే సమస్య, ఆటవెలదిలో: ‘తీపి బిస్కతందుఁ దేలె నుప్పు’.