సీఎస్‌ఆర్ వ్యాన్ తీసుకోవాలా, వద్దా?

ఉద్దానం72: మాది చిన్న సంఘం. వజ్రపుకొత్తూరు మండలం పల్లెల నుంచి కిడ్నీ రోగులను పలాస డయాలసిస్‌కు పాత వ్యాన్‌లో తీసుకెళ్లి, తీసుకొస్తాం. డయాలసిస్ ఉచితమే, కానీ అక్కడిదాకా చేరాలి కదా. నాలుగు గంటలు మిషన్ మీద ఉండి లేచిన మనిషి ఎండలో ఆటో కోసం నిలబడలేడు. ఇప్పుడు జిల్లాలోని ఒక మందుల కంపెనీ సీఎస్‌ఆర్ (లాభంలో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టాలన్న బాధ్యత) కింద కొత్త వ్యాన్ కొనిస్తామంటోంది. డ్రైవర్ జీతం, డీజిల్ మాత్రం ఇవ్వరట. ‘రూల్ ప్రకారం ఖర్చులకు 5 శాతమే’ అన్నారు. ఏం చెయ్యమంటారు?

లెక్కల మాస్టారు: ఆ రూల్ అది కాదు తమ్ముడూ. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. 5 శాతం పరిమితి ఆ కంపెనీ తన సీఎస్‌ఆర్ పనులు చూసుకోవడానికి పెట్టే ఆఫీసు ఖర్చుకు. నీ వ్యాన్ డ్రైవర్ జీతం ప్రాజెక్టు ఖర్చు, అందులోకి రాదు. కాగితం మీద రాసిమ్మను. సీఎస్‌ఆర్ డబ్బు తీసుకోవడానికి మీ సంఘానికి సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ నంబరు, ఆదాయ పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ నమోదులు ఉన్నాయా?

ఉద్దానం72: అన్నీ ఉన్నాయండి. మూడేళ్లు పనిచేసినట్టు లెక్కలు కూడా ఇచ్చాం.

బొబ్బిలి వాసి: 5 శాతమే. మాకూ అదే చెప్పారు. మా ఊళ్లో ఒక కంపెనీ నీళ్ల ప్లాంటు పెట్టింది. ప్రారంభం రోజు టెంట్లు, భోజనాలు, ఫొటోలు. కొన్నాళ్లకు ఫిల్టర్లు మార్చాల్సి వస్తే ‘నిర్వహణ మీదే’ అన్నారు. ఇప్పుడు షెడ్డుకు తాళం. కుళాయి తుప్పు పట్టి తిప్పితే తిరగదు. బోర్డు మీద కంపెనీ పేరు మాత్రం చెక్కు చెదరలేదు.

లెక్కల మాస్టారు: మీకు ఎవరో చెప్పినంత మాత్రాన రూల్ అయిపోదు. అది ఇవ్వడం ఇష్టం లేక చెప్పిన మాట.

బొబ్బిలి వాసి: రూల్ మీ పుస్తకంలో ఉంది మాస్టారూ, చెక్కు వాళ్ల దగ్గర ఉంది. రెండేళ్లు తిరిగాం మేము.

గరివిడి అమ్మాయి: వ్యాన్ వస్తే తీసుకోండి అన్నా. పెట్రోలుకు ఊరంతా తలో చెయ్యీ వేస్తారు.

తీరం: జీతం ఎవరిస్తారన్నది కాదు ప్రశ్న. ఆ డబ్బు ఎక్కడిది? మాది రణస్థలం మండలంలో సముద్రం పక్క ఊరు. మా నాన్న వల వేసి ఉత్త చేతులతో వస్తున్న రోజులు పెరిగాయి. ఫ్యాక్టరీ నీళ్లు సముద్రంలోకి వదలడమే కారణమని మా ఊరి నమ్మకం. అదే ఫ్యాక్టరీ మా బడికి బెంచీలిచ్చింది. బెంచీలు తీసుకున్న సంఘం పెద్దలు ప్రజాభిప్రాయ సేకరణ రోజు మైకు దగ్గరికే రాలేదు. ఊళ్లో అందరూ చూశారు.

ఉద్దానం72: తమ్ముడూ, మా అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్. మొన్న పాత వ్యాన్ దారిలో ఆగిపోతే ఆవిడని మోసుకుని రోడ్డు మీదకి తెచ్చాను. ఆ డబ్బు ఎక్కడిదని అడిగే ఓపిక నాకు లేదు.

తీరం: మీ అమ్మగారి పేరు చెప్పి మా నాన్న నోరు మూయించకండి!

ఉద్దానం72: నేనెవరి నోరూ మూయించలేదు. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇంత పరిశోధన జరిగినా తేలలేదు. తేలేదాకా మావాళ్లు ఇంట్లోనే కూర్చోవాలా?

లెక్కల మాస్టారు: ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. సముద్రాన్ని శుభ్రం చేయడం వేరే చట్టాల కింద కంపెనీ బాధ్యత. దాన్ని సీఎస్‌ఆర్‌లో చూపించకూడదు. అలాగే సీఎస్‌ఆర్ ఇచ్చినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు. చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే అంటోంది. కాబట్టి ఇది దానం కాదు, మొహమాట పడక్కర్లేదు. తీసుకో, మాట్లాడు.

తీరం: మాట్లాడనిస్తారా మాస్టారూ? ఒప్పందం కాగితం చదివారా అన్నా?

ఉద్దానం72: ఇప్పుడే తీసి చదివాను. నాలుగో పేజీలో ఉంది. ‘సంస్థ సభ్యులు కంపెనీ ప్రతిష్ఠకు భంగం కలిగించే వ్యాఖ్యలు బహిరంగంగా చేయరాదు.’ ఇన్నాళ్లూ జీతం లెక్కే చూసుకున్నాను, ఇది చూడలేదు.

బొబ్బిలి వాసి: మా కాగితంలో కూడా ఉండే ఉంటుంది. మేమెవరమూ చదవలేదు.

తీరం: నేను వ్యాన్ వద్దనడం లేదన్నా. ఆ వాక్యం మీద సంతకం వద్దంటున్నాను.

ఉద్దానం72: సోమవారం వెళ్తున్నాను. ఆ వాక్యం కొట్టేయమంటాను. ఒప్పుకోకపోతే మా అమ్మకి నేనేం చెప్పాలో నాకు తెలీదు.

లెక్కల మాస్టారు: ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపు. నేనూ వస్తాను.