వ్యవసాయ మార్కెటింగ్‌లోకి రావాలంటే పీజీ చేయాలా, పలాసలో పని నేర్చుకోవాలా?

నైర ఫైనలియర్:

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా నైర వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మాది సరుబుజ్జిలి దగ్గర పల్లె. నాన్నకి రెండెకరాల వరి, మెట్టలో కాస్త మొక్కజొన్న. విత్తనం నుంచి తెగుళ్ల దాకా అన్నీ చదివాను. కానీ కళ్లం దగ్గరికొచ్చిన వ్యాపారి ‘తేమ ఎక్కువుంది, బస్తాకి ఇంత తగ్గిస్తా’ అంటే అది నిజమో కాదో మా ఇంట్లో ఎవరూ తేల్చి చెప్పలేరు, నాతో సహా. అందుకే నాకు అమ్మకం వైపే పనిచేయాలని ఉంది.

ఇంట్లో రెండు మాటలు నడుస్తున్నాయి. క్యాట్ అనే ఎంబీఏ ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్‌లోని మేనేజ్ అనే జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థలోనో, జైపూర్‌లోని జాతీయ వ్యవసాయ మార్కెటింగ్ సంస్థలోనో రెండేళ్ల అగ్రిబిజినెస్ పీజీ డిప్లొమా చేయమని మా అన్నయ్య అంటాడు. దానికి బ్యాంకు లోను తప్పదు. మా బాబాయికి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ వాళ్లు తెలుసు. అక్కడ రెండేళ్లు పనిచేస్తే వ్యాపారం వస్తుంది, మనుషులూ పరిచయమవుతారు అంటాడు. ఏది మంచిది? ‘రెండూ మంచివే’ అని మాత్రం చెప్పకండి. మాకు రెండింటికీ స్తోమత లేదు.

కాశీబుగ్గ పిక్క:

చెల్లెమ్మా, నీ బాబాయి చెప్పిందే సరైన మాట. నేను జీడి పిక్కల కొనుగోలులోనే ఉన్నాను. ఈ పని పుస్తకంలో దొరకదు.

ఆఫ్రికా నుంచి వచ్చే పిక్కకి ధర ఔట్‌టర్న్ మీద, అంటే పిక్కలోంచి ఎంత పప్పు దిగుతుందన్నదాని మీద కడతారు. కిలో శాంపిల్ తీసి, పిక్కలన్నీ కోసి, లోపలి పప్పు తూస్తారు. మంచి పప్పుకి పూర్తి బరువు, ముడతపడ్డదానికీ మచ్చపడ్డదానికీ సగం బరువు వేస్తారు. అలా 272 గ్రాములొస్తే 80 కిలోల బస్తాకి 48 పౌండ్ల పప్పు దిగుతుందని లెక్క. 250 గ్రాములే వస్తే 44. ఆ నాలుగు పౌండ్లు లారీ మొత్తానికి కట్టి చూడు, లక్షల్లో తేడా. లెక్క ఎవరైనా పది నిమిషాల్లో చెప్తారు. ఏ బస్తాలో, ఎంత లోతు నుంచి శాంపిల్ తీయాలో, తడిసిన పిక్కని ఎండిన పిక్కలో ఎక్కడ కలిపారో కనిపెట్టడం మాత్రం బస్తాల మధ్య తిరిగితేనే వస్తుంది.

తర్వాత గ్రేడ్లు. డబ్ల్యూ 320 అంటే పౌండుకి 300 నుంచి 320 గుండ్లు. డబ్ల్యూ 240 అంటే 220 నుంచి 240. గుప్పెడు పప్పు చేతిలో పోసుకుని ఇది ఏ గ్రేడో చెప్పగలిగిన మనిషి మాట ఏ ఊరి మార్కెట్లోనైనా చెల్లుతుంది. డిగ్రీ ఎవరూ అడగరు. పరిచయాలంటావా, సీజన్లో ఒక్క నెల పలాస పక్కనే ఉన్న మా కాశీబుగ్గలో ఉంటే బ్రోకర్లు, లారీ ఆఫీసు వాళ్లు, కొనేవాళ్లు అందరి నంబర్లూ నీ ఫోన్లో ఉంటాయి.

బొబ్బిలి టు హైదరాబాద్:

అన్నా, మీ పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ మీరు చెప్పిందంతా జీడి గురించే. ఆమె ముందు ముప్పై ఏళ్ల ఉద్యోగం ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో జీడితోటలూ కొబ్బరితోటలూ వేళ్లతో సహా లేచిపోయాయి. ఒక్క సరుకునే నమ్ముకున్నవాళ్ల పరిస్థితి ఏమైందో నాకంటే మీకే బాగా తెలుసు.

నేను మేనేజ్‌లో చదివాను. గోదాం రసీదు మీద అప్పు ఎలా తేవాలి, ఎగుమతి పత్రాల్లో ఏముంటుంది, ధర పడిపోయే రిస్కుని ఎలా కాచుకోవాలి, ఇవన్నీ సరుకు మారినా పనికొచ్చే విషయాలు. మొక్కజొన్న కొనుగోలుతో మొదలుపెట్టి ఇప్పుడు మిర్చి చూస్తున్నాను. సరుకు మారినప్పుడు నాకు టెన్షన్ పుట్టలేదు.

ఇక పరిచయాల సంగతి. నా బ్యాచ్‌లో ఒకరు విత్తన కంపెనీలో ఉన్నారు, ఒకరు బ్యాంకులో వ్యవసాయ రుణాలు చూస్తారు, ఒకరు ఢిల్లీలో పండ్ల వ్యాపారం చేసే కంపెనీలో ఉన్నారు. ఆజాద్‌పూర్ మండీలో ఈ రోజు మామిడి ఎంత వచ్చిందో, రేటెంతుందో పొద్దున్నే నాకు మెసేజ్ వస్తుంది. లోడు పంపాలా, ఒక రోజు ఆగాలా అని మా ఊరి రైతు అడిగితే జవాబు చెప్పగలను. పైగా కంపెనీలు ఉద్యోగాలివ్వడానికి ఆ క్యాంపస్‌లకి వస్తాయి. శ్రీకాకుళం రావు. అది అన్యాయమే, కానీ ఈ రోజు ఉన్న పరిస్థితి అది.

టెక్కలి సచివాలయం:

అమ్మా, ఇదంతా వద్దు. గ్రామ వ్యవసాయ సహాయకురాలి పోస్టుకి నోటిఫికేషన్ పడితే రాయి. రైతు సేవా కేంద్రంలో కూర్చుని రైతులకే పనిచేయొచ్చు. నెల తిరిగేసరికి జీతం.

సువర్ణరేఖ:

విజయనగరం జిల్లాలో ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీకి (ఎఫ్‌పీఓ) సీఈవోగా పనిచేస్తున్నాను. కొంచెం పెద్దగానే రాస్తాను, ఎందుకంటే ఈ అమ్మాయి స్థానంలో నేనూ నిలబడ్డాను.

కాశీబుగ్గ అన్నా, సూటిగా ఒక మాట అడుగుతాను. మీ ఫ్యాక్టరీల్లో పప్పు మీద పొర తీసేది, గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చునేది ఎవరు? దాదాపు అందరూ ఆడవాళ్లే. మీరు చెప్పిన ఆ గుప్పెడు పప్పు చూసి గ్రేడు చెప్పే నేర్పు వాళ్ల వేళ్లలోనే ఉంది. మరి పిక్క బేరం జరిగేటప్పుడు బ్రోకరు ఎదురుగా కూర్చునేది ఎవరు? నేర్పు ఉంటే చాలు అనేటట్టయితే ఆ కుర్చీలో వాళ్లలో ఒక్కరైనా ఉండాలి కదా. రాత్రి లోడింగ్ దగ్గర, లారీ ఆఫీసులో, టీ బడ్డీ దగ్గర కలిసే పరిచయాలు మగపిల్లలకి కలుస్తాయి. వ్యాపార కుటుంబంలో పుట్టినవాళ్లకి పుట్టుకతోనే ఉంటాయి. సరుబుజ్జిలి రైతు కూతురికి ఎవరిస్తారు? బీఎస్సీ అయ్యాక నేనూ ఒక వ్యాపారి దగ్గర చేరాను. ఉన్నన్నాళ్లూ బిల్లులు రాయించారు. రేటు మాట్లాడే గదిలోకి ఒక్కసారి పిలవలేదు.

బొబ్బిలి తమ్ముడూ, నీ మాటలోనూ ఒక ఖాళీ ఉంది. ఢిల్లీ రేటు తెలియడం మంచిదే. 2021లో కిసాన్ రైల్లో విజయనగరం నుంచి ఢిల్లీకి మామిడి వెళ్లినప్పుడు మేమంతా సంతోషపడ్డాం. కానీ మన దగ్గర తోటలు పూత మీదే గుత్తకి పోతాయి. జనవరిలో రైతుకి డబ్బు అవసరం. పిల్లాడి ఫీజో, పాత బాకీయో ఉంటుంది. గుత్తదారు అడ్వాన్స్ చేతిలో పెడతాడు. కాయ దిగే మే నెలలో ఆజాద్‌పూర్ రేటు ఎంతున్నా ఆ లాభం రైతుది కాదు. నీ మెసేజ్ అందేసరికే సరుకు చేయి దాటిపోయి ఉంటుంది. మా కంపెనీ చేసిందల్లా, కొంతమంది సభ్యులకి పూత మందుల ఖర్చు మేమే పెట్టి తోట వాళ్ల చేతిలోనే ఉండేలా చూడడం. అన్ని తోటలకీ చేయలేకపోయాం, అంత డబ్బు లేదు. చేసినచోట కాయ మేమే అమ్మాం.

ఆ డబ్బు ఎక్కడినుంచి తేవాలో నాకు నేర్పింది పీజీ కాదు, పలాసా కాదు. అగ్రి క్లినిక్స్ అనే కేంద్ర పథకం కింద 45 రోజుల శిక్షణ. అక్కడే ఉండి నేర్చుకోవాలి, ఫీజు లేదు. 2002 నుంచి నడుస్తోంది, వ్యవసాయ డిగ్రీ ఉన్నవాళ్లు చేరొచ్చు. తర్వాత సొంతంగా యూనిట్ పెట్టాలనుకుంటే బ్యాంకు రుణం మీద 36 శాతం సబ్సిడీ, ఆడవాళ్లకీ ఎస్సీ ఎస్టీలకీ 44 శాతం. ప్రాజెక్టు రిపోర్టు రాయడం, బ్యాంకు మేనేజర్ ఎదుట కూర్చుని దాన్ని నిలబెట్టుకోవడం అక్కడే వచ్చింది. 2020లో మొదలైన పదివేల ఎఫ్‌పీఓల పథకంలో ఒక్కో కంపెనీకి మూడేళ్లలో నిర్వహణకి 18 లక్షల దాకా, రైతు పెట్టిన వాటాకి సమానంగా 15 లక్షల దాకా వస్తుంది. మూడేళ్లు దాటాక సీఈవో జీతం కంపెనీయే సంపాదించుకోవాలి. అక్కడికొచ్చేసరికి చతికిలబడుతున్నారు, అమ్మడం తెలిసిన మనిషి లేక. నీలాంటి పిల్లల కోసం ఎదురుచూసే చోట్లు మన జిల్లాల్లోనే ఉన్నాయి చెల్లీ.

యార్డు పెద్దాయన:

మార్కెట్ కమిటీలో పనిచేసి రిటైరయ్యాను. నా మాట కూడా వినండి.

మన రెండు జిల్లాల సరుకులో ఎక్కువ భాగం యార్డు గేటు చూడదు. వడ్లు రైతు సేవా కేంద్రం మీదుగా మిల్లుకి పోతాయి. పిక్క ఊళ్లోనే అమ్ముడవుతుంది. మామిడి సంగతి పై అమ్మాయి చెప్పనే చెప్పింది. 2016లో ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్ వచ్చింది. దుగ్గిరాల పసుపులా యార్డులో రాశులు పోసి వేలం వేసే సరుకుకి అది పనికొస్తుంది. యార్డుకే రాని సరుకుకి ఏం చేస్తుంది? కాబట్టి ఇక్కడ మార్కెటింగ్ అంటే మనుషుల దగ్గరికి నడిచి వెళ్లడమే. నోరు మంచిదైతే ఊరు మంచిది అన్నారు గానీ, ఈ పనిలో నోటితోపాటు చేతిలో కాటా, తేమ మీటరు ఉండాలి.

తల్లీ, తేమ వడ్లకి 17 శాతం, మొక్కజొన్నకి 14 శాతం దాటకూడదని నీకు తెలిసే ఉంటుంది. అయితే ఒకే రాశిలో పైన 16 చూపించిన మీటరు లోపల 19 చూపిస్తుంది. నాలుగైదు చోట్ల, లోతునుంచి తీసి కలపాలి. ఎండలోంచి తీసిన వేడి గింజ వెంటనే వేస్తే అంకె నమ్మడానికి లేదు, నీడన చల్లారనివ్వాలి. మిల్లు దగ్గర ఎవరైనా ఒక్కచోట గింజ తీసి అంకె చెప్తే ‘మరో మూడు చోట్ల తీయండి’ అని అడిగే మనిషి ఊరికొకరుంటే చాలు, క్వింటాకి కోసే కోత తగ్గుతుంది.

నా బాధ ఇదీ. నాలుగేళ్లు చదివిన పిల్లకి ఇది చేయించి చూపించలేదంటే లోటు ఆమెది కాదు. ఆఖరి సంవత్సరంలో పిల్లల్ని పల్లెల్లో రైతుల దగ్గర ఉంచుతారు కదా. అందులో కొన్ని వారాలు మిల్లులో, పలాస ఫ్యాక్టరీలో, రామభద్రపురం కూరగాయల మార్కెట్లో ఎందుకు ఉంచరు? ఒడిశా నుంచి వచ్చి కూరగాయలు కొనే వ్యాపారి రామభద్రపురంలో ఎలా బేరమాడతాడో ఒక్క తెల్లవారుజాము చూసినా పిల్లలకి తెలుస్తుంది. కాలేజీ పేరు మీద వెళ్తే ఆడపిల్లని కూడా ఎవరూ బిల్లుల దగ్గర ఆపేయలేరు. జైపూర్, హైదరాబాద్ వెళ్లగలిగేది కొద్దిమంది. మిగతావాళ్లకి ఇక్కడే నేర్పాలి.

బొబ్బిలి టు హైదరాబాద్:

పెద్దాయన చెప్పినదానితో నూటికి నూరు శాతం ఏకీభవిస్తాను. సువర్ణరేఖ గారూ, గుత్త సంగతి కూడా ఒప్పుకుంటాను. కానీ 45 రోజుల శిక్షణ సొంత వ్యాపారం పెట్టేవాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసింది. పెద్ద కంపెనీలో కొనుగోలు విభాగానికి అది సరిపోదు. ఆ ఉద్యోగాలు మన పిల్లలకి రాకపోతే బయటివాళ్లే వచ్చి మన సరుకు కొంటారు, ఇప్పుడు జరుగుతున్నదీ అదే.

కాశీబుగ్గ పిక్క:

సువర్ణరేఖ చెల్లెమ్మ అడిగినదానికి జవాబు చెప్పాలి. బేరం దగ్గర ఆడవాళ్లు లేరన్నది నిజం. ఉండకూడదని మాత్రం నేను అనను. శాంపిల్ కోసి ఔట్‌టర్న్ కట్టే పని చదువుకున్న అమ్మాయి మాకంటే బాగా చేస్తుంది. ఆ అంకె ఎవరి చేతిలో ఉంటే బేరం వాళ్లని అడిగి తీరాలి. నైర అమ్మాయీ, వస్తే ఆ పనికే చేరు. బిల్లులకి ఒప్పుకోకు. మన పిక్క మార్చి నుంచి జూన్ దాకా వస్తుంది, ఆ నాలుగు నెలలు చాలు. రెండేళ్లు అక్కర్లేదు.

నైర ఫైనలియర్:

అందరికీ చాలా థాంక్స్. పెద్దాయన గారూ, మీరు రాసిన తేమ సంగతి మా సార్లకి చూపిస్తాను. వచ్చే బ్యాచ్‌కైనా మార్కెట్ వారాలు పెట్టమని మా క్లాసు తరఫున ఒక కాగితం రాసిస్తాం. కాశీబుగ్గ అన్నా, నాలుగు నెలలంటే ఇంట్లో ఒప్పుకుంటారు. ఉండడానికి చోటు, జీతం ఎలా ఉంటాయి?

సువర్ణరేఖ:

జీతం లేకుండా వెళ్లొద్దు. తక్కువైనా సరే, ఎంతో, ఏ పనికో కాగితం మీద రాయించుకో. పలాసలో గది చూసుకునేటప్పుడు ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లని అడుగు, బ్రోకర్లని కాదు.

బొబ్బిలి టు హైదరాబాద్:

జూన్‌లో సీజన్ అయిపోతుంది. క్యాట్ ఫారాలు ఆగస్టులో తెరుచుకుంటాయి, పరీక్ష నవంబరు ఆఖర్లో. పలాసలో ఉన్నా రాత్రిళ్లు లెక్కలు ప్రాక్టీస్ చేయి. పీజీ ఇంటర్వ్యూలో వ్యవసాయ మార్కెట్ గురించి అడుగుతారు, అప్పుడు ఔట్‌టర్న్ లెక్క చెప్పు. లోను తీసుకోవాలా వద్దా అన్నది సీటొచ్చాక చూసుకోవచ్చు.

కాశీబుగ్గ పిక్క:

అది నేను ఒప్పుకోను తమ్ముడూ. నాలుగు నెలల తర్వాత ఆమెకి ఇక్కడే పని దొరుకుతుంది, లోను అవసరమే రాదు. జీతం సంగతి తెలిసిన రెండు మూడు ఫ్యాక్టరీల్లో అడిగి ఈ వారంలోనే రాస్తాను.