అంతర్జాతీయ నిర్వహణ, సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) రెండింటిలోనూ పట్టున్న ఆచార్యులను ఎలా వెతకాలి?

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర ఒక పల్లె. ఎంబీఏ చదివి, ప్రొద్దుటూరులో ఒక కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. కంపెనీల సామాజిక బాధ్యతపై పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నాను.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్ల రూపాయలు, వీటిలో ఏ ఒక్కదాన్ని అందుకున్నా, ఆ కంపెనీ అంతకుముందు మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం వెచ్చించాలి, అందులోనూ తాను పనిచేసే పరిసరాలకు ప్రాధాన్యం ఇవ్వాలి. మా ఊరి బడిలో ఒక కంపెనీ కట్టించిన నీళ్ల ట్యాంకు మీద దాని పేరు ఇప్పటికీ చక్కగా కనిపిస్తోంది గానీ, కొళాయిలు ఊడిపోయి రెండేళ్లయింది. పక్కనున్న వేపాకును వేలితో తుడిస్తే బూడిదరంగు దుమ్ము అంటుకుంటుంది. డబ్బు ఖర్చు కావడం వేరు, ఊరికి మేలు జరగడం వేరు అని నాకు గట్టిగా అనిపించింది అక్కడే.

పొరుగున పెనుకొండ దగ్గర కొరియాకు చెందిన కియా 2019 నుంచి కార్లు తయారుచేస్తోంది. ఇలా మాతృసంస్థ విదేశంలో ఉన్నప్పుడు, ఏ ఊరికి ఏమి చేయాలన్న నిర్ణయం అక్కడ జరుగుతుందా, ఇక్కడ జరుగుతుందా అన్నదే నా పరిశోధనాంశం.

ఆచార్యుల ప్రచురణలను చూసి ఎంచుకోవాలా, లేక వారి పాత విద్యార్థులను ముందు కలవాలా? స్థానికంగా ఒకరి వద్ద చేరి, బయటి విశ్వవిద్యాలయం నుంచి సహ పర్యవేక్షకులను కోరవచ్చా? మొదటి లేఖలో ఏమేమి రాయాలి? అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.